పోయినవాడి పేరు

మా కాస్తెల్మారోలో మనిషి పోతే ముందు తెలిసేది గోడలకి. నల్ల అంచు కాగితం మీద పేరు, వయసు, ఏడుస్తున్నవాళ్ళ వరస అచ్చువేయించి చర్చి పక్క గోడ మీదా, చేపల బజారు మూల మీదా అంటిస్తారు. పదిహేనేళ్ళపాటు ప్రతి సోమవారం పొద్దున్నే నోటుపుస్తకం పట్టుకుని నేను ఆ గోడల వెంబడి తిరిగాను. అసుంతా చావుల్ని ఏరుకుంటోందని జనం నవ్వేవాళ్ళు. నేను ఏరుకున్నది చావుల్ని కాదు, పేర్లని. అవి మాస్టారికి కావలసివచ్చేవి.

మాస్టారంటే ఒత్తావియో గిరార్ది. రోము దాటి బాగా ఉత్తరాన ఉన్న ఫెర్రారా ఆయన సొంతూరు. యుద్ధం అయిపోయిన ఆరేళ్ళకి మా బడిలో లాటిన్ చెప్పడానికి వచ్చి, మా ఊరి పిల్ల విత్తోరియాని చేసుకుని, ఆవిడ పోయాక కూడా ఇక్కడే ఉండిపోయారు. నలభయ్యో ఏట మొదటి నవల రాశారు. నేను చెప్పే రోజులకి అవి ఇరవై రెండయ్యాయి. అన్నీ హత్యల కథలే, అన్నీ పసుపు అట్టవే, పేపర్ల కొట్లో సిగరెట్ల పక్కన అమ్ముడయ్యేవే. అన్నింటిలోనూ ఒకడే ఇన్‌స్పెక్టరు, బెల్‌ఫియోరె. బొజ్జ మనిషి, మోకాళ్ళ నొప్పులు, అయినా మేయరు గుమ్మమైనా బిషప్పు గుమ్మమైనా ఎక్కి అడగాల్సింది అడిగేస్తాడు. మా ఊరికి అలాంటి ఇన్‌స్పెక్టరు ఏనాడూ రాలేదు. అందుకే మేమంతా ఆ పుస్తకాల కోసం పడిచచ్చేవాళ్ళం.

నేను నోటరీ ఆఫీసులో టైపు కొట్టి రిటైరైనదాన్ని. మాస్టారి కోడికెలుకుడు రాత చదవగలిగేది ఈ జిల్లా మొత్తానికి నేనొక్కదాన్నే. మూడో నవలలో ఆయన హంతకుడికి ఏదో పేరు ఊహించి పెట్టారు. సరిగ్గా అదే పేరుగల కసాయి పక్క ఊళ్ళో బతికే ఉన్నాడు. అతనూ, అతని బావమరుదులూ కలిసి ఏడాదిపాటు విత్తోరియాకి చుట్టుపక్కల ఎక్కడా మాంసం అమ్మనివ్వలేదు. ఆ తర్వాత నేనే ఉపాయం చెప్పాను. దక్షిణాదిలో పేర్లు ఊహించకూడదు మాస్టారూ, పోయినవాళ్ళవి తీసుకోవాలి, పోయినవాళ్ళు తగువుకి రారు అన్నాను. ఆయనకి అది నచ్చింది. పేర్ల పని నాకే అప్పగించారు.

నాకో పద్ధతి ఉండేది. మా వైపు మొదటి మగపిల్లాడికి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు పెట్టి తీరాలి. ఆ తర్వాత పుట్టేవాళ్ళకి ఇంట్లో ఈమధ్య పోయినవాళ్ళ పేరు. అంచేత కొడుకులూ మనవలూ ఉన్న పోయినవాణ్ణి ముట్టుకుంటే బతికున్న నలుగురికి తగులుతుంది. నేను పెళ్ళీ పెటాకులూ లేనివాళ్ళని చూసి ఏరేదాన్ని. కిందటేడు జనవరిలో గోడ మీద అగాత్సియో మెలిస్సారి కనబడ్డాడు. డెబ్భై తొమ్మిదేళ్ళ బ్రహ్మచారి. మెలిస్సారి ఇంటిపేరంటారా, మా ఊళ్ళో రాయి విసిరితే ఒక మెలిస్సారికి తగులుతుంది. ఏడుస్తున్నవాళ్ళలో అన్న కొడుకు కోసిమో పేరు ఉంది. కోసిమోకి అప్పటికే ముగ్గురు కొడుకులు, పేర్లన్నీ తీరిపోయాయి, భార్య తెరేజీనాకి నలభై నాలుగు. ఇంకేం భయమని ఆ పేరు రాసుకున్నాను.

ఇరవై రెండో నవలలో అగాత్సియో మెలిస్సారి ఒక నూనె మిల్లు యజమాని. భాగస్వామిని చంపి, మిల్లు గచ్చు కింద పూడ్చి, అతను అర్జెంటీనా వెళ్ళిపోయాడని ఊరంతా చెప్పుకొస్తాడు. నేనే టైపు కొట్టాను. ఎక్కడా చెయ్యి ఆగలేదు.

ఈస్టరు వెళ్ళిన తర్వాతి బుధవారం పొద్దున్న కోసిమో మెలిస్సారి మాస్టారింటికి వచ్చాడు. ఊళ్ళో కంకర, సిమెంటు వ్యాపారం అతనిదే. కొత్తగా లేచిన ప్రతి గోడలోనూ అతని సిమెంటే. చిన్నప్పుడు ముక్కు కారుతూ మా వీధిలో తిరిగినవాడే, ఇప్పుడు నేను కూడా మీరు అనే అంటాను. అతను బార్‌లోకి వస్తే పేకాట ఆడేవాళ్ళు గొంతు తగ్గిస్తారు. ఎందుకని అడిగితే మాత్రం ఎవరూ చెప్పరు. బుట్టలో పచ్చి చిక్కుడు కాయలూ, ఒక గుండ్రటి గొర్రెపాల జున్ను దిమ్మా తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆ బల్ల మీదే ముందురోజు మిలాను నుంచి వచ్చిన కొత్త పుస్తకం కాపీ ఉంది. నేను కాఫీ ట్రే తెచ్చి దాని మీదే పెట్టాను. అలవాటు అంతే, ఇంకా ఏమీ తెలియదు.

తెరేజీనాకి మార్చిలో కొడుకు పుట్టాడట. చలికాలమంతా ఆవిడ పెద్ద శాలువా కప్పుకుని తిరిగింది, ఒంటికి నీరు పట్టిందని చెప్పుకున్నారు. ఆ వయసులో కడుపంటే దిష్టి తగులుతుందని దాచారు. చివరికి ఊరి అవతల అక్కగారింట్లో కన్నది. ఆదివారం జ్ఞానస్నానం. దానికే వచ్చాడు.

“మాస్టారూ, పెద్దవాళ్ళకి ఎంపీనీ, డాక్టర్నీ, మా బావనీ పెట్టుకున్నాను. వీడికి మాత్రం చదువుకున్న మనిషి జ్ఞానతండ్రి కావాలని మా ఆవిడ పట్టుబట్టింది. మీరు కాదనకూడదు.”

మాస్టారు పొంగిపోయారు. ముప్పై ఏళ్ళు ఉన్నా ఆ ఊరు ఆయన్ని ఉత్తరాదివాడనే అంది. ఇన్నాళ్ళకి ఒక ఇల్లు పిలిచి పీట వేస్తోంది. ఆనందంగా ఒప్పుకుని, బాబు పేరేమిటని అడిగారు.

“ఇంకేం పేరు? మా చిన్నాన్నదే. ఆయన పోయి ఏడాది దాటింది, పేరు నిలబెట్టాలి గదా. అగాత్సియో.”

గోడకి ఆనుకుని నిలబడ్డాను. మాస్టారి ముఖం కాగితమంత తెల్లగా అయింది. కోసిమో కాఫీ తాగి, ట్రే కింద నుంచి బయటికొచ్చిన పసుపు అంచు వైపు చూశాడు. కొత్తదా అని అడిగాడు. ఇంకా బజారులోకి రాలేదన్నాను. “శనివారం వస్తుందటగా. తెరేజీనా ఎదురుచూస్తోంది,” అని లేచి, మాస్టారి రెండు చేతులూ పట్టుకుని ఊపి వెళ్ళిపోయాడు.

తలుపు మూసి గడియ వేశాను. జరిగిందేమిటో ఇద్దరికీ తెలుసు. శనివారం ఊరంతా ఒక హంతకుడి కథ చదువుతుంది. వాడి పేరు అగాత్సియో మెలిస్సారి. ఆదివారం అదే పేరుతో ఉన్న పసివాణ్ణి ఆ కథ రాసిన మనిషే ఎత్తుకుని నీళ్ళ తొట్టి దగ్గర నిలబడతాడు. కోసిమో లాంటివాడి కొడుకు పేరుతో ఇంత పరాచికం ఆడినవాడు ఈ ఊళ్ళో ఎన్నాళ్ళు బతుకుతాడు? వద్దని చెప్పి తప్పుకుందామా అంటే, జ్ఞానతండ్రిగా పిలిస్తే రానని అనడం ఆ ఇంటి గుమ్మం మీద ఉమ్మడం లాంటిది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

తప్పు నాది. గోడ దగ్గర నిలబడి ఆ పేరు రాసుకున్న చెయ్యి నాది. పోయినవాడి పేరు ఖాళీగా ఉండదని, అది ఒంటి కోసం కాచుకుని ఉంటుందని మా ఊళ్ళో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. నాకు తెలియదా? తెలివైనదాన్ననుకున్నాను, అంతే.

మాస్టారు మిలానులో తన పుస్తకాలు అచ్చువేసేవాళ్ళకి ఫోను చేశారు. లారీలు ఎప్పుడో బయలుదేరాయన్నారు. మధ్యాహ్నానికి ఆయన సూట్‌కేసు తీసి మంచం మీద పెట్టారు, సాయంత్రానికి మళ్ళీ అటక మీదికి ఎక్కించారు. గురువారం నేను వెళ్ళేసరికి ముఖం వెలిగిపోతోంది. ఉపాయం దొరికిందన్నారు. పేపర్ల కొట్టు జెరార్దో ఆయన పాత విద్యార్థి. కట్ట విప్పకుండా సోమవారం దాకా ఆపుతానని మాటిచ్చాడట. ఆదివారం జ్ఞానస్నానం అయిపోతే మాస్టారూ, కోసిమో ఒకరికొకరు కుంపారెలు అవుతారు. కన్నతండ్రికీ జ్ఞానతండ్రికీ మధ్య ఆ బంధం రక్తం కన్నా గట్టిది. కుంపారె మీద చెయ్యెత్తినవాణ్ణి మా వైపు కుక్క కూడా మూచూడదు.

“సోమవారం చదువుతాడు. అప్పటికి నేనతని కుంపారెని. ఏం చెయ్యగలడు? చూశావా అసుంతా, ఎంత చక్కగా కుదిరిందో,” అన్నారాయన. చేతులు రుద్దుకుంటున్నారు. నవలలో ముడి కుదిరినప్పుడు అలాగే రుద్దుకుంటారు.

నాకు ఒళ్ళు మండింది. ఇది నవల కాదు మాస్టారూ, పసిగుడ్డుని అడ్డం పెట్టుకుంటున్నారు అన్నాను. మరేం చెయ్యమంటావని అడిగారు. ఇంటికి వచ్చి పొయ్యి వెలిగించకుండా కూర్చున్నాను. శుక్రవారం పొద్దున్న పూజ వినేసి, ఆయనకి చెప్పకుండా కోసిమో ఇంటికి బయలుదేరాను. పేరు నాది, తిట్లు నేను తింటాను, ఏం చేసినా నన్ను చెయ్యమంటాను అనుకున్నాను. యాభై ఎనిమిదేళ్ళదాన్ని, నా వెనక ఏడ్చేవాళ్ళు లేరు. అయినా మెట్ల దగ్గర రెండుసార్లు వెనక్కి తిరిగాను, అది మాత్రం నిజం.

తెరేజీనా నన్ను వంటింట్లో కూర్చోబెట్టింది. ఆదివారం వచ్చేవాళ్ళకి పంచడానికి చక్కెర పూసిన బాదంపప్పులు తెల్ల జాలీ గుడ్డల్లో మూటలు కడుతోంది. పిల్లవాణ్ణి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. ముడతలు పడ్డ నుదురు, అచ్చం ముసలి అగాత్సియోదే. ఆ నుదురు చూస్తూ ఏం మాట్లాడను? కోసిమో వచ్చి, పిల్లవాణ్ణి తీసుకుపొమ్మని భార్యకి చెప్పి, తలుపు దగ్గరికి వేశాడు.

నేను గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. గోడ, నోటుపుస్తకం, పేరు, మిల్లు యజమాని. మాస్టారికి ఏ పాపమూ తెలియదు, పేర్లు నావి, కొట్టినా తిట్టినా నన్నే అన్నాను. చెప్పినంతసేపూ అతను ఒక బాదం మూట ముడి విప్పుతూ కడుతూ కూర్చున్నాడు. ఆశ్చర్యపోలేదు. అది చూసి నాకు మరీ భయం వేసింది.

“తెలుసక్కా,” అన్నాడు. “మిలానులో ఆ పుస్తకాలు కుట్టే చోట మా తెరేజీనా మేనల్లుడు పని చేస్తాడు. పది రోజుల కిందటే పంపాడు. రెండుసార్లు చదివాను.”

పది రోజులు. అంటే బుధవారం చిక్కుడు కాయల బుట్ట మోసుకొచ్చేనాటికే అతనికి అంతా తెలుసు. పసుపు అంచు చూసి కొత్తదా అని అడిగినప్పుడు కూడా తెలుసు.

“పేరుదేముంది? ఊరినిండా మెలిస్సారీలే. నవ్వి ఊరుకుంటారు,” అన్నాడు. తర్వాత మూట బల్ల మీద పెట్టి, నా వైపు వంగి, మెల్లిగా అడిగాడు. “గచ్చు కింద పూడ్చిన సంగతి ఆయనకి ఎవరు చెప్పారక్కా?”

నాకు మొదట అర్థం కాలేదు. ఎవరూ చెప్పలేదు, ఆయనే కల్పించారు అన్నాను. మాట నోట్లోంచి వస్తుండగానే అర్థమైంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అడగక్కర్లేని ప్రశ్న అడిగాడు. కోసిమోకి మొదట్లో ఒక భాగస్వామి ఉండేవాడు. ఫోర్తునాతో లొయేరొ. ఎనిమిదేళ్ళ కిందట అర్జెంటీనా వెళ్ళిపోయాడన్నారు. వాళ్ళమ్మ చచ్చిపోయేదాకా పోస్టుమాను కోసం వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంది. ఒక్క ఉత్తరం రాలేదు. మాస్టారు ఆవిణ్ణి చూసైనా ఉండరు. చీకట్లో వేసిన రాయి వెళ్ళి తగలాల్సినచోట తగిలింది.

నా ముఖంలో ఏం కనబడిందో తెలియదు. ఎంత కిందికి వంచినా దాగదు కదా. కోసిమో నన్ను కాసేపు చూసి, వెనక్కి వాలాడు.

“కల్పించారా. అయితే ఇంకా గట్టి మనిషి,” అన్నాడు.

మరి అన్నీ తెలిసి జ్ఞానతండ్రిగా ఎందుకు పిలిచారని అడిగాను. అంత ధైర్యం ఎక్కడిదో నాకే తెలియదు.

“శత్రువుని చేసుకుంటే ఏమొస్తుందక్కా? శత్రువు రాస్తూనే ఉంటాడు. వాడికి ఏమైనా అయితే రోము నుంచి పేపరువాళ్ళు దిగుతారు. కుంపారె అనుకో, అచ్చుకి ముందు నాకు చూపిస్తాడు.” నా కప్పులో ఇంకో చెంచా చక్కెర వేశాడు. “నువ్వు టైపు కొడతావుగా. నువ్వూ మా మనిషివే. ఆదివారం భోజనానికి రా.”

అక్కడి నుంచి ఎలా నడిచానో గుర్తులేదు. తిన్నగా మాస్టారింటికి వెళ్ళి, అతనికి అంతా తెలుసని చెప్పాను. పది రోజుల సంగతి చెప్పాను. కుంపారె అయితే ముందు చూపిస్తాడన్న మాట చెప్పాను. గచ్చు సంగతి అడిగాడని మాత్రం చెప్పలేకపోయాను. అది తెలిస్తే ఈయన నోరు ఆగదు. నోరు ఆగకపోతే ప్రాణం ఆగదు. మధ్యాహ్నం రైలుంది, ఫెర్రారాలో మీ చెల్లెలింటికి వెళ్ళిపోండి, జ్వరమని చెబుతాను, అక్కడ కూర్చుని మీ ఇష్టమొచ్చింది రాసుకోండి అని చేతులు పట్టుకున్నాను. పదిహేనేళ్ళలో ఆయన చేతులు పట్టుకోవడం అదే మొదలు.

మాస్టారు కిటికీలోంచి కింద సముద్రం కేసి చూశారు. విత్తోరియా ఇక్కడ ఉందిగదా అన్నారు. స్మశానం ఆ వైపే. తర్వాత ముఖం మెల్లగా విప్పారింది. “చదివి కూడా పిలిచాడంటే క్షమించాడన్నమాట. నేను అతన్ని తప్పుగా అనుకున్నాను అసుంతా. ముందు చూపిస్తే ఏం పోయింది? అతనూ పాఠకుడే.”

ఆయన్ని పట్టుకుని ఊపెయ్యాలనిపించింది. నలభయ్యో ఏట నుంచి నిజం అడిగే మనిషిని రాస్తున్నారు, ఆ బొజ్జ ఇన్‌స్పెక్టరు ఒక్క నిమిషం ఈ గదిలోకి వచ్చి ఉంటే అడగాల్సింది అడిగేవాడు. కానీ నేను మాత్రం చెప్పానా? నాకూ ప్రాణం తీపే. నోరు మూసుకున్నాను.

శనివారం పొద్దున్న కోసిమో స్వయంగా పేపర్ల కొట్టుకి వచ్చాడు. జెరార్దో చేత దాచిన కట్ట విప్పించి, పది కాపీలు కొని, బార్‌లో కూర్చున్నవాళ్ళకి తలా ఒకటి పంచాడు. మా కుంపారె రాసింది, చదవండి, హంతకుడిది మా వాడి పేరే అన్నాడట. అందరూ నవ్వారట. అతను నవ్వమంటే నవ్వకుండా ఎవరుంటారు?

ఆదివారం మాస్టారు బూడిదరంగు సూటులో పిల్లవాణ్ణి ఎత్తుకున్నారు. పసివాడు ఏడవకుండా ఆయన టై పట్టుకుని చూశాడు. ఫాదర్ పేరు గట్టిగా పలికాడు, అగాత్సియో అని. చర్చిలో ఎవరూ దగ్గలేదు. కోసిమో మాస్టారిని రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టుకుని, అందరూ వినేలా కుంపారె అన్నాడు. మాస్టారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిజంగా సంతోషించారు, అదే నేను చూడలేకపోయాను.

భోజనాలు కోసిమో ఇంటి డాబా మీద. నలభై మంది. మేకమాంసం, మిరపకాయ వేసిన సాసేజి, పెద్ద సీసాల్లో ఇంటి ద్రాక్షసారా. మాస్టారిని తన పక్కనే కూర్చోబెట్టుకుని, మంచి ముక్కలు ఏరి ఆయన కంచంలో వేస్తున్నాడు. నేను ఎదురుగా కూర్చున్నాను. పళ్ళు వచ్చే వేళకి కోసిమో అడిగాడు, తర్వాతి పుస్తకం ఏమిటి కుంపారె అని.

మాస్టారు రెండు గ్లాసుల సారా మీద ఉన్నారు. ఉత్సాహంగా మొదలుపెట్టారు. ఒక బిల్డరు ఉంటాడు, బడి కడుతుంటాడు, ఇసకలో మోసం చేస్తుంటాడు, దాన్ని కనిపెట్టిన ఇంజనీరు ఒకడు... అక్కడిదాకా వచ్చారు. కోసిమో పీచ్ పండు కోస్తున్న కత్తిని పళ్ళెం అంచున పెట్టాడంతే. బల్ల ఆ చివర ఉన్నవాళ్ళు కూడా మాటలు ఆపేశారు. మాస్టారు కోసిమో ముఖంలోకి చూశారు. అప్పుడాయనకి అర్థమైంది. ఎంత అర్థమైందో, ఎంతవరకు అర్థమైందో నేను ఈనాటికీ అడగలేదు. కానీ అర్థమైంది.

“బిల్డరెందుకు కుంపారె?” అన్నాడు కోసిమో, ప్రేమగానే. “డాక్టర్ని పెట్టు. ఈ ఊళ్ళో డాక్టర్లు మరీ ఎక్కువయ్యారు.”

బల్ల చుట్టూ నవ్వారు. డాక్టరు కూడా అక్కడే ఉన్నాడు, అతనూ నవ్వాడు. అందరికన్నా చివర మాస్టారు నవ్వారు. అవును, డాక్టరైతే ఇంకా బాగుంటుంది అని, కోటు జేబులోంచి కలం తీసి, కాగితపు రుమాలు మీద రాసుకున్నారు. కోసిమో ఆ కాగితం అందుకుని, చదివి, మడిచి, తన చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

నాలుగు రోజులు నేను మాస్టారి ప్రాణం పోతుందని భయపడ్డాను. ఇక ఆ భయం లేదు. ఈ జిల్లాలో ఎవరూ ఆయన వెంట్రుక కూడా తాకరు, నూరేళ్ళు బతుకుతారు. కోసిమో పీచ్ ముక్క కోసి సారాలో ముంచి ఆయన నోటికి అందించాడు. మాస్టారు నోరు తెరిచారు.